సర్వర్ డౌన్ అంటే ఏది డౌన్?

సరిహద్దు ఊళ్లలో ఇప్పుడు రోజూ వినబడే మాట ‘సర్వర్ డౌన్’. పావగడ తాలూకాలో రేషన్ బియ్యానికి పోయినా, హోసూరు పక్క పల్లెలో పట్టా నకలు అడిగినా, రాయగడలో పింఛను కోసం వేలు పెట్టినా, సిరోంచలో బ్యాంకు మిత్ర దగ్గర నాలుగొందలు తీయబోయినా అదే జవాబు. ఆఫీసులో మాట్లాడే భాష కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో కావచ్చు. ఆ రెండు ముక్కలు మాత్రం మారవు. విన్నవాడు సంచీ మడిచి చంకలో పెట్టుకుని ఇంటిదారి పడతాడు. కూలి పోయింది, పని కాలేదు, రేపు రమ్మన్నారు. రేపు కూడా అదే మాట.

నిజానికి సర్వర్ అన్నది ఎక్కడో రాజధానిలో ఏసీ గదిలో, రెండు మూడు రకాల కరెంటు ఏర్పాట్ల నడుమ, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే మనుషుల చేతిలో ఉండే యంత్రం. అది పడిపోవడం అసలు లేదని కాదు. నెల మొదట్లో అందరూ ఒక్కసారే మీద పడితే చతికిలబడుతుంది కూడా. కానీ ఈ ఊళ్లో పని ఆగి, పక్క ఊళ్లో సజావుగా సాగుతున్నదంటే తప్పు సర్వర్‌ది కాదు. నడుమ దారిలో ఉన్న ఏదో ఒక డబ్బాదో, తీగదో, ఆ డబ్బాకు కరెంటిచ్చే అరచేతిలో పట్టే అడాప్టర్‌దో అయ్యుంటుంది. ఆ డబ్బాకు ఒక పేరుంది. దాన్ని బాగుచేయాల్సిన మనిషి ఒకడున్నాడు. పేరు తెలియని చోట ఆ మనిషిని నిలదీయడం కుదరదు. అంతా సర్వర్ మీదికి తోసేస్తే ఇక ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

ఒక వేలిముద్ర చేసే ప్రయాణాన్ని చూస్తే సంగతి తెలుస్తుంది. రేషన్ డీలరు చేతిలోని ఈ-పాస్ యంత్రంలో సిమ్ కార్డు ఉంటుంది. వేలి గీతలను యంత్రం అంకెలుగా మార్చి, దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి, దగ్గరి సెల్ టవర్‌కు పంపుతుంది. టవర్ నుంచి ఫైబర్ మీదో, మైక్రోవేవ్ డిష్ మీదో ఫోన్ కంపెనీ కేంద్రానికి. అక్కడి నుంచి రాష్ట్ర పౌర సరఫరాల శాఖ కంప్యూటర్‌కు. అక్కడి నుంచి ఆధార్ సంస్థ డేటా సెంటర్‌కు. ఆ సెంటర్లు బెంగళూరులోనూ, హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడ ‘ఔను, ఈ మనిషే’ అన్న ఒక్క ముక్క పుచ్చుకుని మళ్లీ అన్ని గుమ్మాలూ దాటి వెనక్కి రావాలి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. సిరోంచ నుంచి మానేసర్ దాకా దారి ఎంత వంకర పోయినా, ఒక్క దూరానికే అయితే రానుపోను సెకనులో పదో వంతు పట్టదు. దూరం సమస్య కాదు. గుమ్మాలే సమస్య. వాటిలో ఏ ఒక్కటి మూతబడినా ముసలమ్మకు బియ్యం లేవు.

2019 ఆగస్టులో ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పద్ధతి మొదట అమలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య. ఇప్పుడు దేశమంతా వచ్చింది. బతుకుతెరువు కోసం ఎల్లలు దాటిన కుటుంబాలకు ఇంతకన్నా మేలైన ఏర్పాటు లేదు. అయితే ఆ మేలంతా ఒక తీగ చివర వేలాడుతున్నది. తీగ తెగితే హక్కు కూడా తెగినట్టే.

అసలు నెట్‌వర్క్ అంటే ఏమిటి? రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే అదే నెట్‌వర్క్. అలాంటి చిన్న నెట్‌వర్కులు లక్షలాదిగా ఒకదానికొకటి ముడిపడితే ఇంటర్నెట్. ఈ మాటల పద్ధతి టెలిఫోన్‌లా ఉండదు, టపాలా ఉంటుంది. పెద్ద ఉత్తరాన్ని ఒకే కవరులో కాకుండా ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్నో ముక్క అని రాసి పంపుతారు. ముక్కనే ప్యాకెట్ అంటారు. మామూలు ఆఫీసు తీగల మీద ఒక ముక్కలో 1,500 బైట్లకు మించి సరుకు పట్టదు. తెలుగులో ఒక్కో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు 3 బైట్ల చొప్పున పడుతుంది గనుక ఒక ముక్కలో ఇమిడేది అలాంటి 500 గుర్తులే. ముక్కలు వేర్వేరు దారుల్లో పోవచ్చు, వెనకాముందూ కావచ్చు. అవతల వాటిని వరస పెట్టుకుంటారు. ఏదైనా దారిలో పోతే మళ్లీ పంపమని అడుగుతారు.

ఈ పద్ధతిలో మొట్టమొదటి సందేశం 1969 అక్టోబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియాలో రెండు ఊళ్ల మధ్య వెళ్లింది. లాగిన్ అనే మాట పంపబోతే రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం మొరాయించింది. ఆ లెక్కన ‘డౌన్’ అన్నది నెట్‌వర్క్‌తో పాటే పుట్టిందనాలి! కాకపోతే అక్కడివాళ్లు ఏ యంత్రం పడిందో కనుక్కుని గంటసేపట్లో నిలబెట్టారు.

ఇక డబ్బాల సంగతి. స్కూలు ల్యాబులోనో, పంచాయతీ ఆఫీసులోనో నాలుగైదు కంప్యూటర్లుంటే వాటన్నిటి తీగలూ వచ్చి చేరే పెట్టె స్విచ్. కరెంటు స్విచ్‌కూ దీనికీ సంబంధం లేదు. స్విచ్ రాకముందు హబ్ ఉండేది. హబ్ దండోరా వేసేవాడి లాంటిది: ఒకరి కబురు వస్తే ఊరందరికీ వినిపిస్తుంది. అందరూ ఒక్కసారి మాట్లాడితే ఎవరిదీ ఎవరికీ అర్థం కాదు. స్విచ్ అలా కాదు, ఊళ్లో ఇల్లిల్లూ ఎరిగిన పోస్ట్‌మ్యాన్. ప్రతి కంప్యూటర్‌కూ, ఫోన్‌కూ కంపెనీలోనే పెట్టిన ఒక ముద్ర ఉంటుంది. మ్యాక్ అడ్రసు అంటారు, పన్నెండు గుర్తుల నంబరు. ఏ ముద్ర ఏ రంధ్రం వెనక ఉందో స్విచ్ కాసేపట్లో నేర్చుకుని, ఎవరి కబురు వాళ్లకే అందిస్తుంది.

స్విచ్ ఊరు దాటి పోలేదు. ఊరు దాటించేది రౌటర్. గుంతకల్లు జంక్షన్ ఎరిగినవాళ్లకు రౌటర్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. బళ్లారి నుంచి వచ్చిన బండి అక్కడ ఆగుతుంది; రాయచూరు వైపు పోవాలా, గుత్తి వైపా, ధర్మవరం వైపా అన్నది అక్కడ తేలుతుంది. రౌటర్ చేసేదీ అదే. ముక్క మీది ఐపీ అడ్రసు చూసి, ఇది నా ఊరిది కాదు, ఫలానా దారిన పోవాలి అని తోలుతుంది. తర్వాతి రౌటర్ తన వంతు తోలుతుంది. దారి మొత్తం ఏ ఒక్కరికీ తెలియనక్కర్లేదు. తర్వాతి స్టేషన్ ఏదో తెలిస్తే చాలు.

ఐపీ అడ్రసుల్లోనూ ఒక చిక్కుంది. పాత పద్ధతిలో మొత్తం ప్రపంచానికి ఉన్నవి దాదాపు 430 కోట్లు. భూమ్మీద మనుషులకే సరిపోవు, ఒక్కొక్కరికి రెండు మూడు యంత్రాలున్న కాలం ఇది. అందుకే ఇంట్లో, ఆఫీసులో 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లు వాడుకుని, బయటికి మాత్రం ఒకే నంబరుతో వెళ్తారు. ఉమ్మడి కుటుంబంలో ఎందరున్నా బయటికి ఒకటే డోర్ నంబరు. ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో గుమ్మంలోని రౌటర్ గుర్తు పెట్టుకుంటుంది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వచ్చింది, దానిలో నంబర్ల కొరత లేదు. మొబైల్ నెట్‌వర్కుల్లో అది ఇప్పటికే నడుస్తున్నది.

తీగల గురించి ఒక్క మాట. ల్యాబుల్లో కనబడే నీలం, బూడిద రంగు తీగలో ఎనిమిది సన్నటి రాగి తీగలు జంటలు జంటలుగా మెలి తిరిగి ఉంటాయి. బయటి కరెంటు గోల లోపలి కబురును చెడగొట్టకుండా ఉండడానికే ఆ మెలి. ఈ తీగ పనిచేసే దూరం 100 మీటర్లు. స్కూలు ఆఫీసు నుంచి మైదానం దాటి అవతలి బ్లాకుకు నూటయాభై మీటర్లు లాగేసి, ‘కంప్యూటర్లు పాతవైపోయాయి, కొత్తవి కావాలి’ అని అర్జీ పెట్టుకునే చోట్లు ఎన్నో. పాడైంది కంప్యూటర్లు కావు, తీగ కొలత. నడుమ ఒక స్విచ్ పెడితే తీరిపోయే వ్యవహారం. ఇంకో తమాషా కూడా జరుగుతుంటుంది. ఊడి వేలాడుతున్న తీగ కొస చూసి ఎవరో పిల్లవాడు అదే స్విచ్‌లోని ఖాళీ రంధ్రంలో గుచ్చుతాడు. రెండు కొసలూ ఒకే డబ్బాలో! చవకరకం స్విచ్ అయితే కబురు దానిలోనే గిరగిరా తిరిగి, తిరిగిన కొద్దీ పెరిగి, నిమిషంలో ల్యాబు మొత్తం నిలిచిపోతుంది. అప్పుడూ వినబడేది సర్వర్ డౌన్ అనే.

ఇంట్లోకి, పంచాయతీలోకి ఫైబర్ వచ్చిచేరే డబ్బా వేరు. దాన్ని ఓఎన్‌టీ అంటారు. వెలుగుగా వచ్చినదాన్ని కరెంటుగా మార్చడం దాని పని. ఇప్పుడు వాడే తెల్ల డబ్బాల్లో ఓఎన్‌టీ, రౌటర్, స్విచ్, వైఫై నాలుగూ ఒకదానిలోనే కలిసి ఉండడంతో జనం అన్నిటినీ కలిపి ‘మోడెం’ అనేస్తున్నారు. పేరేదైనా ఫర్వాలేదు గానీ, దాని ముఖాన ఉండే దీపాలు చదవడం ప్రతి ఊళ్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. దీపాలేవీ వెలగకపోతే కరెంటో, అడాప్టరో. ‘లాస్’ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా మరీ వంగిపోయింది. ‘పాన్’ దీపం పచ్చగా నిలకడగా ఉండి, అయినా నెట్ రాకపోతే ఊరి వరకు దారి బాగుంది, పైన ఎక్కడో ఆగింది. ఫోన్ తెరపై వైఫై గుర్తు నిండుగా ఉండి ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తే ఫోన్‌కూ డబ్బాకూ మధ్య తేడా లేదు, డబ్బా అవతలే తేడా. ఇంతే విద్య. ఇది తెలిసినవాడు ఫిర్యాదు చేస్తే ‘నెట్ రావట్లేదండీ’ అనడు, ‘పొద్దున ఎనిమిది నుంచి లాస్ దీపం ఎర్రగా ఉంది, లైన్‌మన్‌ను పంపండి’ అంటాడు. ఆ రెండు ఫిర్యాదులకూ వచ్చే జవాబులో తేడా ఉంటుంది. ఒక హెచ్చరిక: ఊడిన ఫైబర్ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడరాదు. దానిలోని వెలుగు కంటికి కనబడదు, కానీ కంటికి మంచిది కాదు.

ఆ ఫైబర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని కేంద్రం 2011 అక్టోబరులో తీర్మానించింది. దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలు లక్ష్యం. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మొదటి లక్ష పంచాయతీల దశ 2017 డిసెంబరుకు ముగిసింది. 2023 ఆగస్టులో మళ్లీ రూపం మార్చి, 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించిన పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. కొన్నిచోట్ల పని బీఎస్‌ఎన్‌ఎల్‌ది, కొన్నిచోట్ల రాష్ట్రాలు పెట్టుకున్న సొంత కంపెనీలది. తమిళనాడుకు టాన్‌ఫినెట్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఫైబర్‌నెట్ ఉంది. డబ్బు ఖర్చు కాలేదని ఎవరూ అనలేరు.

తొలి దశల్లో వేసిన పద్ధతి ఏమిటంటే, బ్లాకు కేంద్రంలోని టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఓఎల్‌టీ అనే పెద్ద డబ్బా పెట్టారు. దాని నుంచి ఒక ఫైబర్ బయల్దేరి, దారిలో స్ప్లిట్టర్ దగ్గర కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మ ఒక్కో పంచాయతీకి పోతుంది. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. అద్దం ముక్కలా వెలుగును పంచుతుంది, అంతే. ఓఎల్‌టీలోని ఒక రంధ్రం నుంచి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దిగుతాయి, దాన్ని ఆ చెట్టు మీది వాళ్లందరూ పంచుకోవాలి. చవక, తేలిక. చెట్టుతో వచ్చిన చిక్కల్లా ఒకటే. మొదట్లో నరికితే కొమ్మలన్నీ ఎండుతాయి. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఒక్కసారి పళ్లు దించితే ఆరేడు పంచాయతీలు మూగబోతాయి.

సరిహద్దు ఊళ్లు ఎప్పుడూ చెట్టు చివరి ఆకులే. జిల్లా కేంద్రం నుంచి బ్లాకుకు, బ్లాకు నుంచి పంచాయతీకి పోయే తీగ ఎల్ల దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అవతల తీగ లేక కాదు. అవతల వేరే రాష్ట్రం గనుక.

సిరోంచనే తీసుకోండి. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, నడుమ అంతా అడవి. తెలంగాణ మాత్రం గోదావరికి అవతలి ఒడ్డే, వంతెన దాటితే కాళేశ్వరం. పర్లాకిమిడి చూడండి. మహేంద్రతనయ ఇవతల పాతపట్నం, అవతల పర్లాకిమిడి. పెళ్లిసంబంధాలూ, సంతబేరాలూ పూర్వం నుంచీ ఏరు దాటి సాగుతున్నవే. పావగడ చుట్టూ దాదాపు అన్ని దిక్కులా ఆంధ్రప్రదేశే, మిగతా కర్ణాటకతో కలిపేది ఒక సన్నని మెడ. వీటిలో ఏ ఊరి తీగ తెగినా, పక్కనే నాలుగు కిలోమీటర్ల దూరంలో నడుస్తున్న తీగ ఆదుకోలేదు. ఇంటి పక్కవాడి బావిలో నీళ్లున్నా, మనది వేరే వీధి లెక్క గనుక కుండ ముంచకూడదన్నట్టు.

2023 సవరణలో ఒక మంచి మార్పు ఉంది. చెట్టు బదులు వలయం వేస్తామన్నారు. బ్లాకు నుంచి బయల్దేరిన ఫైబర్ ఊరూరా తిరిగి మళ్లీ బ్లాకుకే చేరుతుంది. ఒకచోట తెగితే కబురు రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. ఊరి డబ్బాయే ఒక చిన్న రౌటర్ అవుతుంది, దారి తనే ఎంచుకుంటుంది. బాగుంది. కానీ ఆ వలయాలు కూడా రాష్ట్రం లోపలే మూసుకుంటే సరిహద్దు పంచాయతీకి దక్కేది సగం మేలే. అడవిలోంచి పోయే దారి, అడవిలోంచే వచ్చే దారి. ఒకే వాన, ఒకే గాలి, ఒకే కొండచరియ రెంటినీ కొట్టుకుపోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు శ్రీకాకుళం, అటు గజపతి జిల్లాల్లో స్తంభాలు వరసగా నేలకొరిగాయి, ఊళ్లకు ఊళ్లే కరెంటూ ఫోనూ లేక చీకట్లో పడ్డాయి. గాలికి రాష్ట్రం హద్దు తెలియదు. తీగకు మాత్రం తెలిసి ఉండాలా?

కనుక సరిహద్దు బ్లాకుల్లో వలయం ఎల్ల అవతలి బ్లాకుతో కలిసి మూసుకోవాలి. సిరోంచ వలయం కాళేశ్వరం వైపు, పర్లాకిమిడి వలయం పాతపట్నం వైపు, పావగడ వలయం మడకశిర, పెనుకొండల వైపు. ఇది పెద్ద కోరిక కాదు. పథకం కేంద్రానిది, డబ్బు కేంద్రానిది, ముడి వేయాల్సింది రెండు ప్రభుత్వ తీగలనే. అడ్డొచ్చేది ఇంజనీరింగ్ కాదు. ఈ పని మా పరిధి కాదనే అలవాటు.

భూగోళాన్ని బట్టి నడుచుకున్న ఉదాహరణ తెలుగువారి ఎదుటే ఉంది. యానాం పాలన పుదుచ్చేరిది, అది 800 కిలోమీటర్లకు పైబడిన దూరం. అయినా టెలిఫోన్ విషయంలో యానాంను ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంచారు. యానాం ఎస్టీడీ కోడు కాకినాడదే, 0884. కలెక్టరు ఎవరి కింద పనిచేస్తాడన్నది వేరు, తీగ ఎటు పోతే దగ్గరన్నది వేరు అని అప్పటి టెలిఫోన్ ఇంజనీర్లు ఏ హంగామా లేకుండా తేల్చేశారు. ఆ ఇంగితం ఫైబర్ ఇంజనీర్లకు ఉండదా?

ఇంకో ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 2003కు ముందు మన దేశంలో ఒక కంపెనీ చందాదారు మరో కంపెనీ చందాదారుకు పంపిన ఈమెయిల్ చాలాసార్లు సముద్రాలు దాటి అమెరికా వెళ్లి వచ్చేది. హైదరాబాదులో ఒక వీధి నుంచి పక్క వీధికి! రెండు కంపెనీల రౌటర్లూ కలుసుకునే చోటు దేశంలో లేకపోవడమే కారణం. ఆ ఏడాది నిక్సీ అనే సంస్థను పెట్టి, కంపెనీల తీగలు ఇక్కడే కలిసే కూడళ్లు ఏర్పాటు చేశారు. ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది. ఇరుగుపొరుగు కబుర్లు ఇరుగుపొరుగునే తేలిపోవాలన్న ఆ సూత్రం దేశానికి మంచిదైతే, సిరోంచకూ కాళేశ్వరానికీ చెడ్డదెలా అవుతుంది?

వలయాలు పూర్తయ్యేసరికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా పంచాయతీ గదిలో ఉన్న డబ్బా సంగతైనా చూసుకోవాలి కదా. చాలా ఊళ్లలో ఓఎన్‌టీ ఉన్నది తాళం వేసిన గదిలో. తాళంచెవి సెక్రటరీ దగ్గర, సెక్రటరీ మూడు పంచాయతీల ఇన్‌చార్జి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది తేలక మెయిన్ ఆపేసి పెట్టిన చోట్లున్నాయి. బ్యాటరీ పెట్టిన ఏడాది తప్ప మళ్లీ దానికేసి చూసిన నాథుడు లేడు. వేసవిలో కరెంటు పోయిన ప్రతిసారీ ఊరి నెట్ కూడా పోతుంది. పావగడ దగ్గర తిరుమణి చుట్టూ 13 వేల ఎకరాల్లో, 2,000 మెగావాట్లు దాటిన సోలార్ పార్కు ఉంది, ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. ఆ చుట్టుపక్కల ఏ పంచాయతీ డబ్బా అయినా కరెంటు లేక ఆరిపోతే, దాన్ని ఏ శాఖ ఖాతాలో రాయాలి? ఆ డబ్బా తాగే కరెంటు ఒక చిన్న బల్బు తాగేంత. చిన్న సోలార్ పలక, ఒక మంచి బ్యాటరీ, బీరువాలో ఒక స్పేర్ అడాప్టర్. వేల కోట్ల తీగ నిలబడేది ఈ మూడింటి మీద.

మనుషుల మాట కూడా ఉంది. ఫైబర్ తెగిన చోటు కనుక్కోవడానికి ఓటీడీఆర్ అనే యంత్రం ఉంది. ఒక కొసన వెలుగు పంపి, తిరిగొచ్చే మెరుపును బట్టి తెగింది ఎన్ని మీటర్ల అవతలో చెబుతుంది. తెగిన కొసలను వేడితో అతికే స్ప్లైసింగ్ యంత్రం ఉంది. ఐటీఐ చదివిన కుర్రాడు కొద్ది వారాల శిక్షణతో రెండూ నేర్వగలడు. కానీ యంత్రమూ మనిషీ జిల్లా కేంద్రంలో ఉంటే, నాలుగు గంటల పని నాలుగు రోజులవుతుంది. సరిహద్దు బ్లాకుకొక జట్టు పెట్టి, ఆ జట్టుకు ఎల్ల అవతలి తీగను కూడా ముట్టుకునే అధికారమిస్తే చాలా తలనొప్పులు తగ్గుతాయి.

ఇక్కడ ఒక తమాషా గమనించాలి. ఎల్ల అవతలి తెలుగువారికి బడిలో, కచేరీలో, ఆస్పత్రిలో భాష అడ్డుపడుతూనే ఉంటుంది. ఈ ఒక్క వ్యవహారంలో మాత్రం అడ్డు లేదు. స్విచ్, రౌటర్, ఫైబర్, అడాప్టర్ – కన్నడంలోనూ అవే, తమిళంలోనూ అవే, ఒడియా, మరాఠీల్లోనూ అవే. కౌంటర్ అవతలి మనిషితో మిగతా ఏ విషయంలో తడబడినా, ‘లాస్ దీపం ఎర్రగా ఉంది’ అన్నది అతనికి వెంటనే తెలుస్తుంది. పెద్దలకు ఈ పేర్లు నేర్పే పని పదో తరగతి పిల్లలు చేయగలరు.

కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం భాష ప్రశ్న మళ్లీ లేస్తుంది. రాష్ట్ర భాషలో రాయలేకనే చాలామంది ఫిర్యాదే మానుకుంటున్నారు. వారికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, సంబంధిత అధికారికి కష్టం చెప్పుకుని అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పావగడలో, హోసూరులో, పర్లాకిమిడిలో తెలుగు వాడుకలో లేదని అనగలిగినవాడు ఇంకా పుట్టలేదు. భారత్‌నెట్ కేంద్ర పథకం, కేంద్ర అధికారులకూ అర్జీ తెలుగులో పెట్టవచ్చు. తీసుకోనంటే, తీసుకోనని రాసిమ్మని అడగవచ్చు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేదేదో గుంపుగా, గ్రామసభలో అడగడం మేలు. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభలు తప్పనిసరిగా జరుగుతాయి. మిగతా రాష్ట్రాల్లోనూ ఏడాదికి కొన్ని తప్పవు. అజెండాలో వీధిదీపం, మురుగుకాలువ ఉన్నట్టే నెట్ పెట్టె కూడా ఉండాలి. ముందుగా అడగాల్సింది ఒక బొమ్మ: ఊరికి ఫైబర్ ఏ బ్లాకు నుంచి, ఏ దారిన వస్తున్నది, స్ప్లిట్టర్ ఎక్కడుంది, డబ్బా ఏ గదిలో ఉంది అన్నది ఒక కాగితం మీద గీసి పంచాయతీ గోడకు అతికించాలి. పక్కనే తీగ ఎవరిది, డబ్బా ఎవరిది, బ్యాటరీ ఎవరిది, ఒక్కోదానికి ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాష్ట్ర భాషలోనూ, తెలుగులోనూ రాసి ఉండాలి. పోయిన ఆరు నెలల్లో ఎన్ని రోజులు ఆగింది, ఎందుకు ఆగింది అన్న లెక్క సభలో చదివించాలి. ఆ లెక్క అసలు రాయడమే లేదంటే, ఆ రోజు నుంచి రాయమని తీర్మానం చేయించాలి. రేషన్ డీలరు ‘సర్వర్ డౌన్’ అన్న ప్రతిరోజూ తేదీ, సమయం ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకాన్నీ, డబ్బా లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రోజు డౌన్ అయింది ఏదో అదే బయటపడుతుంది.